పెన్సిలు నిలిస్తే ఓ జాతి... జారితే ఓ జాతి!

1966. దక్షిణాఫ్రికాలో పీట్ రెటీఫ్ అనే చిన్న ఊరు. తెల్లపిల్లలు మాత్రమే చదివే హాస్టల్ బడికి ఇద్దరు పోలీసులొచ్చారు. ఎవరో దొంగతనం చేశారని కాదు, పదేళ్ల పిల్లని ఇంటికి పంపించేయడానికి! ఆ పాప పేరు సాండ్రా లేంగ్. అమ్మ తెల్లావిడ, నాన్న తెల్లాయన, అటు తాతలూ ఇటు తాతలూ తెల్లవాళ్లే. కానీ పాప మాత్రం చామనఛాయలో, ఉంగరాల జుట్టుతో పుట్టింది. ఎన్నడో ముత్తాతల కాలంలో కలిసిన రక్తం తరాలు దాటొచ్చి ఈమెలో బయటపడింది. తోటిపిల్లల తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం కాగితాల్లో 'తెలుపు' కొట్టేసి 'కలర్డ్' అని రాసింది. అంటే, అప్పటి చట్టం ప్రకారం పాప సొంత అమ్మానాన్నల జాతి కాదన్నమాట!

తండ్రి కోర్టుల చుట్టూ తిరిగాడు. 1967లో చట్టం మారింది. తల్లిదండ్రులు ఏ జాతో పిల్లలదీ అదే జాతి అన్నారు. సాండ్రా మళ్లీ 'తెల్లపిల్ల' అయింది, కాగితం మీద. కానీ ఏ తెల్లబడీ ఆమెని ప్రేమగా చేర్చుకోలేదు. పదిహేనేళ్లు దాటాక ఓ నల్లజాతి యువకుడితో ఇల్లు విడిచి వెళ్లిపోయింది. కూతురి కోసం కోర్టుకెక్కిన అదే తండ్రి ఆ తర్వాత జీవితంలో ఆమె మొహం చూడలేదు. పిల్లల్ని తన దగ్గరే ఉంచుకోవాలంటే తనని మళ్లీ 'కలర్డ్'గా రాయమని సాండ్రాయే అడగాల్సి వచ్చింది. తల్లిని ఆమె తిరిగి కలుసుకున్నది 2000లో, ఓ వృద్ధాశ్రమంలో!

ఈ 'కలర్డ్' అనే మాట అమెరికాలో అంటే తిట్టు. దక్షిణాఫ్రికాలో మాత్రం ఇప్పటికీ జనాభా లెక్కల్లో ఉండే మాట. ఇష్టపడేవాళ్లు ఇష్టపడతారు, చిరాకుపడేవాళ్లు పడతారు. 2022 లెక్కల ప్రకారం వీళ్లు సుమారు 50 లక్షలమంది. దేశ జనాభాలో వందకి ఎనిమిదిమంది. విచిత్రమేంటంటే, వీళ్లు దేశమంతా పరుచుకుని లేరు. కేప్‌టౌన్ ఉన్న వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో వందకి 42 మంది వీళ్లే. పక్కనే ఉన్న నార్తర్న్ కేప్‌లోనూ దాదాపు అంతే. అదే ఈశాన్యం కొసన ఉన్న లింపోపోకి వెళితే వందకి ఒక్కరు కూడా కనిపించరు. అన్ని రాష్ట్రాల్లోనూ కలిపి ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురు ఒక్క వెస్టర్న్ కేప్‌లోనే ఉన్నారు.

ఎందుకలా? సమాధానం మొదలయ్యేది జాతి దగ్గర కాదు, జొన్న దగ్గర!

ఆఫ్రికా నడిమి నుంచి వందల ఏళ్లపాటు దక్షిణానికి దిగుతూ వచ్చిన బంటూ భాషల రైతులు జొన్నలూ సజ్జలూ పండించేవారు. అవి వేసవి వానల పంటలు. కేప్‌టౌన్ ప్రాంతంలోనేమో వానలు చలికాలంలో పడతాయి. ఇంకాస్త పైకి వెళితే ఎడారిలాంటి నేల. అక్కడ జొన్న పండదు. దాంతో ఆ రైతులు తూర్పు తీరంలోనే ఆగిపోయారు. పడమటి భూములు పశువుల్ని మేపుకునే ఖోయ్, వేటాడుకునే సాన్ జనాలకే మిగిలాయి. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగి నీళ్లూ కూరగాయలూ ఎక్కించుకోవడానికి కేప్‌లో ఓ మజిలీ పెట్టినప్పుడు ఎదురైంది వీళ్లే. క్రొటోవా అనే ఖోయ్ అమ్మాయి డచ్చివాళ్లకి దుబాసీగా పనిచేసింది. 1664లో కంపెనీ వైద్యుణ్ని చర్చిలో పెళ్లాడింది.

తోటపనికీ ఇంటిపనికీ కంపెనీకి మనుషులు కావలసి వచ్చారు. బానిసల్ని తెచ్చారు. 1808 దాకా వచ్చినవాళ్లు సుమారు 63 వేలమందని చరిత్రకారుల అంచనా. మడగాస్కర్, మొజాంబిక్, ఇండోనేషియా దీవులు... మిగిలిన పావు వంతు భారతదేశం నుంచే! బెంగాలు, మలబారు, కోరమాండల్ తీరం. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో, పులికాట్‌లో డచ్చివాళ్ల కోఠీలుండేవన్నది తెలిసిన విషయమే. బట్టల బేళ్లతోపాటు మనుషుల్నీ కొన్నారని మాత్రం అంతగా చెప్పుకోరు. కరువొచ్చిన ఏడాదుల్లో తిండి లేక పిల్లల్నీ తమనీ అమ్ముకున్నవాళ్లని కంపెనీ ఓడలెక్కించింది. ఎక్కువమంది బటావియాకో సింహళానికో చేరితే, కొందరు కేప్‌లో తేలారు. ఇంటిపేర్లు పోయాయి, ఊరిపేర్లు మిగిలాయి. బెంగాలు నుంచి వచ్చినామె 'వాన్ బెంగాలెన్'. మన తీరం నుంచి వెళ్లినవాళ్లు 'వాన్ డ కస్ట్', అంటే 'కోస్తావాడు' అని! మరికొందరికైతే ఆ పాటి ఊరు కూడా లేదు. నెల పేరే పేరయింది. సెప్టెంబర్, ఏప్రిల్, ఫిబ్రవరి... ఇప్పటికీ కేప్‌టౌన్‌లో ఇవి ఇంటిపేర్లు.

ఆంజెలా అనే బెంగాలీ బానిసకి 1666లో విముక్తి దొరికింది. మూడేళ్ల తర్వాత ఆమె ఓ తెల్లాయన్ని పెళ్లాడింది. తెల్లజాతివాళ్లమని చెప్పుకునే ఎన్నో ఆఫ్రికానర్ కుటుంబాల వంశవృక్షం ఆమె దగ్గరికే చేరుతుంది. సాండ్రా ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

ఇలా ఖోయ్, ఆసియా, ఆఫ్రికా, ఐరోపా రక్తాలన్నీ కలిసి, మూడు శతాబ్దాల్లో ఓ కొత్త జనం తయారైంది. ఆఫ్రికాన్స్ భాష కూడా సగం వీళ్ల వంటిళ్లలో పుట్టిందే. అరటిపండుని 'పీసాంగ్' అంటారు, మలయ్ మాట. ఆ భాషని మొదట్లో రాసిన లిపుల్లో అరబిక్ కూడా ఉంది, కేప్ ముస్లింల మదరసాల్లో! ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే కేప్‌టౌన్ కలర్డ్ వాడల్లో 'కూసిస్టర్' కోసం గిన్నెలు పట్టుకుని బయల్దేరతారు. యాలకులు, దాల్చినచెక్క, శొంఠి వేసిన పిండిముద్దల్ని నూనెలో వేయించి, పాకంలో ముంచి, పైన కొబ్బరి చల్లిస్తారు. తిన్నవాళ్లకి మన పిండివంటలు గుర్తుకురాకుండా ఉంటాయా?

కేప్‌లో ఇమడలేనివాళ్లు ఉత్తరానికి వెళ్లిపోయారు. ఆరెంజ్ నది దగ్గర స్థిరపడ్డవాళ్లు గ్రీక్వాలు. గుర్రాలు, తుపాకులు, సొంత నాయకులు. దాదాపు చిన్న రాజ్యమే! నార్తర్న్ కేప్‌లో ఇప్పుడున్న జనానికి మూలం చాలావరకు ఇదీ, ఆ ఎండునేలలోని ఖోయ్ కుటుంబాలూ. అయితే అక్కడ వజ్రాలు దొరికాయి. ఇంకేముంది, 1871లో ఆంగ్లేయులు ఆ భూమిని కలిపేసుకున్నారు. గ్రీక్వాల్లో మరో గుంపు అంతకుముందే ఆడమ్ కోక్ అనే నాయకుడి వెంట కొండలు దాటి తూర్పుకెళ్లింది. కోక్‌స్టాడ్ అనే ఊరు ఆయన పేరే.

డర్బన్ వైపు కథ వేరు. అక్కడి కలర్డ్ కుటుంబాల్లో మారిషస్ నుంచి వచ్చినవాళ్లున్నారు. జాన్ డన్ సంతానమూ ఉన్నారు. ఈయన స్కాట్లాండ్ మూలాలున్న తెల్లాయన. జులూ రాజు కొలువులో దొరతనం సంపాదించాడు. 40 మందికి పైగా భార్యలు, వందమందికి పైగా పిల్లలు! ఇక 1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరకుతోటలకి వెళ్లిన తెలుగువాళ్లూ తమిళులూ అదే డర్బన్‌లో ఉన్నా, వాళ్లని ప్రభుత్వం 'ఇండియన్' అని వేరే గడిలో రాసింది. రెండు శతాబ్దాల ముందు అదే తీరం నుంచి బానిసగా వెళ్లినవాడి మనవలేమో 'కలర్డ్'!

గడులు గీసింది 1950 నాటి జనాభా నమోదు చట్టం. అనుమానం వస్తే అధికారులు జుట్టులో పెన్సిలు గుచ్చి చూసేవారు. తలాడిస్తే జారిపడిందా, ఓ జాతి. నిలిచిందా, ఇంకో జాతి. ఒకే తల్లి బిడ్డల్ని రెండు జాతులుగా రాసిన సందర్భాలున్నాయి. అన్న తెల్లవాడ నివాసి, చెల్లెలు కలర్డ్‌వాడ నివాసి. అన్న ఇంటికి చెల్లెలు వెళ్లాలన్నా ఇరుగుపొరుగు చూడకుండా వెళ్లాలి. రూపాన్నిబట్టి తెల్లవాళ్లలో కలిసిపోయినవాళ్లు సొంతవాళ్లు వీధిలో ఎదురైనా పలకరించకుండా తల తిప్పుకునేవారు.

జనం ఒకేచోట గుమిగూడి ఉండటం వెనక ఈ ప్రభుత్వం చెయ్యి కూడా ఉంది. వెస్టర్న్ కేప్‌లో ఉద్యోగాలు ముందు కలర్డ్‌లకే ఇవ్వాలనీ, నల్లజాతివాళ్లని రానివ్వకూడదనీ 1950ల నుంచి మూడు దశాబ్దాలు నిబంధన నడిచింది. ప్రేమతో కాదు, విడదీయడానికి. ఆ నిబంధన పోయాక తూర్పు నుంచి వలసలు పెరిగాయి. 2011లో వెస్టర్న్ కేప్‌లో వందకి 49గా ఉన్న కలర్డ్‌ల వాటా పదకొండేళ్లలో 42కి తగ్గిందంటే కారణం ముఖ్యంగా అదే.

అలా ఉద్యోగం ఇచ్చిన ప్రభుత్వమే ఇల్లు లాక్కుంది. కేప్‌టౌన్ నడిబొడ్డున డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. మసీదు పక్కన చర్చి, దర్జీ కొట్టు పక్కన చేపల దుకాణం. 1966 ఫిబ్రవరి 11న అది తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించారు. 60 వేలమందిని ఊరి బయటి ఇసుకమేటల్లోకి తోలి, ఇళ్లని బుల్డోజర్లతో కూల్చారు. 1994లో అక్కడి పాత చర్చిలో మ్యూజియం తెరిచారు. నేలమీద పేట మొత్తం పటం పరిచి ఉంటుంది. పాత నివాసులు వంగి, తమ వీధి వెతుక్కుని, ఇల్లున్న చోట పేరు రాసి వెళ్తుంటారు.

2004లో, సరిగ్గా ఫిబ్రవరి 11నే, ఎనభై దాటిన ఇద్దరు పాత నివాసులకి కొత్త ఇళ్ల తాళాలు నెల్సన్ మండేలా అందించారు. ఆ తర్వాత మరికొన్ని కుటుంబాలు తిరిగొచ్చాయి. కానీ ఆ పేటలో చాలా జాగా ఇంకా ఖాళీగానే ఉంది, గడ్డి మొలిచి.