రెక్కలకు రేకు అంటించనందుకు

ఛందస్సు, వ్యాకరణం విడిచి ఈ పంతులు బొమ్మ విమానాల మీద పడ్డాడేమిటని నవ్వుకోకండి. ముప్పది ఏండ్లకు పైగా బడిలో తప్పులు దిద్దినవాణ్ణి. ఒప్పును ఎవరైనా తప్పని కొట్టివేస్తే ఊరకుండడం నాకు చేతకాదు.

మా మనుమడు వేసవి సెలవులన్నీ వెచ్చించి పి-51డి మస్టాంగ్ అనే అమెరికా యుద్ధవిమానపు నమూనాను, అసలు దానిలో నలువది యెనిమిదవ వంతు పరిమాణంలో కట్టాడు. 1943 చివరలో అమెరికా సైన్యం తన విమానాలలో చాలావాటికి మరుగు రంగులు పూయడం మానుకొన్నది. బరువు తగ్గుతుంది, శ్రమ తగ్గుతుంది. ఆ మీదట వచ్చిన మస్టాంగుల మేను వట్టి లోహమే. ప్లాస్టిక్కు మీద ఆ లోహకాంతి రప్పించడానికి మావాడు వంటింటి అల్యూమినియం ఫాయిలును ఎన్నుకొన్నాడు. దాని మందం సుమారు 16 మైక్రాన్లు. 48తో హెచ్చవేసి చూడండి, ముప్పావు మిల్లీమీటరు దాటుతుంది. అసలు విమానపు రేకు కూడ ఇంచుమించు ఆ కోవదే! రొట్టెలు చుట్టే కాగితంలో ఇంత పొందిక ఉన్నదని నేనెరుగను.

పని మాత్రం సులువు కాదు. జిగురు పూసిన ముక్కను పరచి, దూది చుట్టిన పుల్లతో నడుమ నుండి అంచులకు రుద్దాలి. కొత్త బ్లేడుతో అతుకుగీత వెంట కోయాలి. అడుగున ఒక్క ధూళికణమున్నా మొటిమలా పైకి లేస్తుంది. ఒక పలకను నిలువుగా రుద్దితే పక్కదాన్ని అడ్డంగా రుద్దాలి. అప్పుడే వెలుగు ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క తీరుగా పడుతుంది. ముక్కు దగ్గరి వంపులలో మడతలు పడి నాలుగుసార్లు ఊడదీశాడు.

ఆ నమూనాను ఒక ప్రదర్శనకు తీసికొనిపోయాము. న్యాయనిర్ణేత మేనును మెచ్చుకొని, రెక్కలు చూచి పెదవి విరిచాడు. "రెక్కల దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయిందా బాబూ? వెండిరంగు పూసి సరిపెట్టావు" అని మార్కులు కోసివేశాడు. వాడు నా వంక చూచాడు. పెద్దల మాటకు ఎదురాడరాదని నేర్పినవాణ్ణి నేనే గనుక నాకు నోరు పెగలలేదు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకొంటున్నాను.

అయ్యా, మస్టాంగ్ రెక్కలకు రంగు పూసింది మావాడు కాదు, దానిని కట్టిన కర్మాగారం. గాలి సుడులు పడకుండ జారిపోవాలని ఆ రెక్కను ప్రత్యేకంగా మలిచారు. రివెట్ల తలలు, అతుకుల సందులు ఆ ప్రవాహాన్ని చెదరగొడతాయి. అందుకని రెక్క ముందుభాగాన వాటిని లప్పంతో పూడ్చి, నునుపు చేసి, పైన వెండివన్నె రంగు పూశారు. మేను లోహం, రెక్క రంగు. కాస్త మందకొడిగా కనబడడమే దాని నిజరూపం. చుక్కానికైతే పైన ఉన్నది రేకే కాదు, గుడ్డ. అక్కడ ఫాయిలు అంటించినవారికి ఏమి బహుమానమిస్తారు?

"అద్దంలా మెరిసే మస్టాంగులను నేను కళ్ళారా చూచాను" అనవచ్చు. చూచే ఉంటారు. అవి యుద్ధం ముగిసిన తరువాత ముచ్చటపడి బాగుచేసి మెరుగుపెట్టినవి. వాటి నమూనా చేస్తే నిలువెల్లా రేకు తొడగండి, కాదనను. యుద్ధరంగపు గుర్తులు అంటించి పెండ్లికొడుకులా మెరిపిస్తే మాత్రం అది నమూనా కాదు, నగ. ఔచిత్యం కావ్యానికి ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. ఆయన విమానమెరుగడు గాని, ఈ తగవు ఆయన ముందు పెడితే తీర్పు ఎవరి వైపో నాకు సందేహం లేదు.

ఇంటికి వచ్చినాక, "తాతయ్యా, వచ్చే ఏడాదికి రెక్కల మీద కూడా అంటించెయ్యనా?" అని అడిగాడు. బహుమతి కావాలంటే అంటించు అన్నాను, కాస్త కోపంగానే. విమానం ఇప్పుడు నా నిఘంటువుల బీరువా మీద ఉన్నది. ఫాయిలు చుట్ట మళ్ళీ వంటింటికి చేరింది.