మకరమును చూచిన పిల్లలు



ఈ నెల మా సంఘములో పుట్టి పెరిగిన ఒక బిడ్డ సంగతి మీతో చెప్పాలని ఉంది. తల్లి పటాన్‌చెరు కంపెనీలలో కాంట్రాక్టు కూలి. తండ్రికి నక్కవాగు ప్రక్కన రెండెకరాలు. అమ్మాయి డిగ్రీలో జంతుశాస్త్రము చదివి, 2018లో ఆరు నెలలు కెన్యా దేశానికి స్వచ్ఛంద సేవకు వెళ్ళింది. అడవిని, జంతువులను కాపాడటం గురించి బడిపిల్లలకు నేర్పే పని. జీతము లేదు. తల్లి నా దగ్గరకు వచ్చి, "జీతం లేని నౌకరికి, ఏనుగులుండే అడవిలకు పిల్లను పంపుమంటరా అమ్మగారూ?" అని కండ్ల నీళ్ళు పెట్టుకొన్నది. అయ్యగారు ప్రార్థన చేసి పంపించారు. నాకూ లోపల భయమే, కాని పైకి చెప్పలేదు.

ఆ దేశపు సముద్రతీరములో వటాము అనే ఊరు, దాని వెనుక అరబుకో సొకొకె అనే పెద్ద అడవి ఉన్నాయి. సుమారు 420 చదరపు కిలోమీటర్లు. అడవి అంచున గిరియామా అనే జనము వ్యవసాయము చేసికొని బ్రతుకుతారు. ఆమె ఫోనులో చెప్పిన సంగతులు వింటే మన పల్లెలే అనిపించేది. వాళ్ళు తినే ఉగాలి మన మక్క గటకే. ప్రక్కన మ్చిచా కూర, అంటే మన తోటకూర. ఆడపిల్లలు తెల్లవారకముందే పసుపు డబ్బాలతో నీళ్ళకు పోతారు. జీడిమామిడి చెట్ల క్రింద పాఠము. ఆదివారము ఆరాధన మూడు గంటలైనా ఎవరూ గడియారము చూడరట! (మన వాళ్ళకు ఈ సంగతి చదివి వినిపించండి.)

మొదటి నెలలో ఆమెకు ఒక ఎదురుదెబ్బ తగిలింది. ఏనుగు కూడా దేవుని సృష్టియే, దానిని ద్వేషించకూడదని ఒక తల్లికి చెప్పబోయింది. ఆ తల్లి ఏమీ అనలేదు. చేయి పట్టుకొని ఇంటి వెనుకకు తీసికొనిపోయి, రాత్రి ఏనుగులు త్రొక్కిన మక్కచేను చూపించింది. "సిగ్గుతో తల ఎత్తలేకపోయిన అమ్మగారూ" అన్నది మన బిడ్డ. మరునాడు ఆమె పుస్తకము తీయలేదు. ఆ తల్లితో కలిసి పడిపోయిన కంచెకు గుంజలు పాతింది.

అక్కడ చెట్టు కొట్టేవారందరూ దురాశతో కొట్టరు. పిల్లవాని ఫీజు కోసము కొడతారు. ఈ సంగతి గ్రహించి పని చేస్తున్న సంస్థ ఒకటున్నది, ఎ రోషా. పోర్చుగీసు భాషలో ఆ మాటకు బండ అని అర్థము. పీటర్ హారిస్, మిరాండా హారిస్ అనే దంపతులు 1983లో పోర్చుగల్‌లో మొదలుపెట్టిన క్రైస్తవ సంస్థ. దాని కెన్యా శాఖ 2001 నుండి ఈ అడవి అంచు పిల్లలకు హైస్కూలు ఫీజులో సహాయము చేస్తున్నది. మీడా అనే ఉప్పుటేరులో మడచెట్ల మీదుగా కట్టిన చెక్కవంతెన చూడటానికి యాత్రికులు ఇచ్చే రుసుము కూడా ఆ ఫీజులకు పోతుంది. తల్లిదండ్రులు అడవిని కాపాడతామని మాట ఇవ్వాలి. ఉపదేశముకంటె ఇది గట్టి పని అని నా అభిప్రాయము.

ఇక మన దగ్గరకు వస్తాను. గడచిన చలికాలములో ఆమె మా సండేస్కూలు పిల్లలను సంగారెడ్డి ప్రక్కన కల్పగూరు వద్ద మంజీరకు తీసికొనిపోయింది. 1978 నుండి అది వన్యప్రాణుల అభయారణ్యము. గట్టుమీద మొసలి నోరు తెరచి ఎండ కాగుతున్నది. యోబు గ్రంథము 41వ అధ్యాయములో మన తెలుగు బైబిలు చెప్పిన మకరము ఇదేనని ఆమె అన్నప్పుడు పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. గ్రుడ్లు పగిలే వేళకు తల్లి మొసలి ఇసుక త్రవ్వి, పిల్లలను ఆ పండ్ల మధ్యనే నొప్పి తగలకుండా పట్టుకొని నీళ్ళకు చేరుస్తుందట. తలమీద రెండు నల్లచారలున్న బాతులూ ఉన్నాయి. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే చలికాలపు చుట్టాలవి.

అప్పుడు నక్కవాగు ప్రక్క ఊరి పిల్లవాడొకడు అడిగాడు: "అక్కా, మా వాగు గూడ మంజీరలనే కలుస్తది గదా. మా దిక్కు ఇవెందుకు లేవు?"

ఆమె పిల్లవానికి కథ చెప్పలేదు. 1970లలో పరిశ్రమలు వచ్చినప్పటి సంగతి, వాగు నీళ్ళు త్రాగి తమ బర్రె చచ్చిపోయిన సంగతి, ఈ నీళ్ళ కోసము ఏండ్ల తరబడి పోరాడిన పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు గారి సంగతి చెప్పింది. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందము పటాన్‌చెరులో శుద్ధిచేసి వదలిన నీటిని పరీక్షించి, లీటరులో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించారు. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో కూడా అంత ఉండదు. మొసలిని చూచి గట్టు దిగటానికి భయపడిన మనము, కంటికి కనబడని దానిలో బట్టలు ఉతికాము.

ఆ వారమే ఆ పిల్లవాడు ఒక నోటుపుస్తకము పెట్టాడు. ప్రతి ఆదివారము ఆరాధన తరువాత నలుగురు పిల్లలు కలిసి పోయి, వాగు దగ్గర ఏ పక్షి కనబడినదో దూరమునుండే చూచి వ్రాస్తారు. మొన్న నాకు చూపించారు. మొదటి వారము: ఏమీ లేదు. రెండవ వారము: ఏమీ లేదు. మూడవ వారము: తెల్లకొంగ ఒకటి. గట్టుమీద నిలబడింది, నీళ్ళలోకి దిగలేదు.