జాడు భాష

ఉత్తరకాశి జిల్లాలో టిబెట్టు సరిహద్దునకు చేరువగా నేలంగ్ లోయ కలదు. అచ్చటి జాడులు ఉన్ని, ఉప్పు బేరమునకై కనుమలు దాటి పోయివచ్చెడివారు. వారి భాష టిబెట్టు భాషకు తోబుట్టువు. 1962 లో చైనాతో యుద్ధము రాగా కనుమలు మూతపడెను, ఊరు ఖాళీ అయ్యెను. వారు హర్సిల్ చెంతనున్న బగోరిలో స్థిరపడిరి. చలికాలమున డుండాకు దిగివత్తురు. బేరము పోయినది, బేరపు మాటలకును పని తప్పినది.

పదివేలమందికి తక్కువగా మాట్లాడు భాషలను జనగణనవారు 1971 నుండి ప్రత్యేకముగా చూపుట మానిరి. లెక్కకొక గీత అవసరమే కావచ్చును. గీతకు దిగువనున్నది భాష కాకపోవునా?

హిందీ రానిదే బ్రతుకు సాగదనుట నిజమే. అయినను 1956 లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు వసతి కల్పింపుమనుచున్నది. బగోరి బడిలో తొలి రెండు తరగతులైనను ఇంటి మాటతో సాగవలెను. గురువులకై దూరము పోనక్కరలేదు. ఆ ఊరి వృద్ధులే చాలుదురు.