చేతిలోని ఫోనుకు బీమా సరే, ఆ చేతికి ఏది?



దీపావళి బోనసు చేతికి వచ్చే రోజుల్లో మన పేటల్లోని మొబైల్ దుకాణాలకు కొత్త కళ వస్తుంది. భీవండిలోనైనా, షోలాపూర్‌లోనైనా, పాళీ దిగి నేరుగా దుకాణానికి పోయే మనవాళ్లు ఎందరో. ఫోను ధర తేలి బిల్లు రాసే సమయానికి కౌంటరు దగ్గరి అబ్బాయి నెమ్మదిగా ఒక మాట అంటాడు: "అన్నా, ఇంకో తొమ్మిది వందలు వేయండి, ఏడాది పాటు బీమా ఉంటుంది. పగిలినా, నీళ్లలో పడినా మీకు చింత లేదు." పన్నెండు వేలు పెట్టినవాడికి తొమ్మిది వందలు పెద్దగా కనిపించవు. సరే రాయమంటాం.

ఈ డబ్బు కట్టాలా, వద్దా అని సంఘం ఆఫీసుకు వచ్చి అడిగేవారు ఎక్కువయ్యారు. మా అభిప్రాయం ముందే చెప్తాం. పది, పదిహేను వేల ఫోను వాడే కార్మికునికి ఈ బీమా చాలావరకు దండుగ. కొద్దిమందికి మాత్రం పనికిరావచ్చు. ఎందుకు దండుగో, ఎవరికి పనికొస్తుందో లెక్కతోనే మాట్లాడుకుందాం.

ఒక మాట మాత్రం ముందు తేల్చుకోవాలి. "పగారు చాలదంటారు, చేతిలో మాత్రం పెద్ద ఫోను" అని ఎత్తిపొడిచే సేఠ్‌లు ఉన్నారు. ఫోను మనకు సోకు కాదు. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఉన్న తల్లిదండ్రుల ముఖం చూసేది అందులోనే. ఊరికి డబ్బు పంపేది దానితోనే. బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. ఊరి నుంచి వచ్చే కబురు, మేస్త్రీ నుంచి వచ్చే పని పిలుపు అన్నీ దానిలోనే. అలాంటి వస్తువు పగిలితే ఎలా అన్న భయం న్యాయమైనదే. ఆ భయాన్ని అమ్ముకునే తీరు మీదనే మా తగాదా.

లెక్క చూద్దాం

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఫోను 12,000 రూపాయలు. బీమా ఏడాదికి 900. స్క్రీను పగిలితే కొత్తది వేయించడానికి 3,000. బీమా ఉన్నా మొదటి 500 మన జేబులోంచే కట్టాలని షరతు. చాలా ప్లాన్లలో ఇలాంటి కోత ఒకటి ఉంటుంది. అంటే స్క్రీను పగిలిన రోజున మనకు నిజంగా మిగిలేది 2,500.

ఇప్పుడు మన పేటలో వందమంది ఈ బీమా కట్టారనుకోండి. పోగయ్యేది 90,000. ఏడాదిలో ఇరవై మంది ఫోన్లు పగిలి, ఇరవై మందికీ డబ్బు వచ్చిందే అనుకుందాం. తిరిగి వచ్చేది 50,000. మిగతా 40,000 ఎక్కడికి పోయింది? అందులో జీఎస్టీ ఉంది. ఈ రకం బీమా మీద 18 శాతం పన్ను. 900లో పన్నే సుమారు 137 రూపాయలు. దుకాణదారు కమీషను ఉంది. కంపెనీ ఖర్చు, లాభం ఉన్నాయి. ఈ వందమందికి లెక్క సరిపోవాలంటే ఇరవై కాదు, ముప్పై ఆరు ఫోన్లు పగలాలి. ప్రతి ముగ్గురిలో ఒకరి కంటె ఎక్కువమంది ఏటా ఫోను పగలగొట్టుకుంటేనే మనం పెట్టింది మనకు వచ్చినట్టు. మీ సాంచాల వరుసలో ఉన్నవాళ్లను ఒకసారి లెక్కపెట్టి చూడండి. పోయిన ఏడాది ఎందరి ఫోన్లు పగిలాయి?

మీ దుకాణంలో చెప్పే ధరలు వేరుగా ఉండవచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. రిపేరు ఖర్చులోంచి మన వాటా తీసేయండి. మిగిలినదానితో బీమా రుసుమును పోల్చండి. దుకాణదారు చెప్పకపోయినా మీకే తెలిసిపోతుంది.

బీమా అంటేనే నలుగురి డబ్బుతో ఒకరి కష్టం తీర్చడం. ఇల్లు కాలితే, కుటుంబ పెద్ద పోతే, చేయి విరిగితే మన ఒక్కరి వల్ల కాదు కాబట్టి బీమా కావాలి. 3,000 స్క్రీను కష్టమే, కాని బతుకును కూల్చే కష్టం కాదు. నెలకు 75 రూపాయలు పోస్టాఫీసు ఖాతాలోనో చిట్టీలోనో వేసుకుంటే ఏడాదికి అదే 900 అవుతుంది. ఫోను పగలకపోతే ఆ డబ్బు మనదే. రెండేళ్లు పగలకపోతే 1,800 మన దగ్గరే ఉంటుంది. బీమాకు కట్టినది మాత్రం ఏడాది తిరగ్గానే సున్నా.

షరతుల్లో ఉన్న మెలిక

పోయిన ఫోనుకు కూడా డబ్బు వస్తుందని నమ్మి కట్టేవారు చాలామంది. ఇక్కడే అసలు మోసపోయేది. కాగితంలో చీమతలకాయంత అక్షరాలతో, అదీ ఇంగ్లీషులో, షరతులు ఉంటాయి. అవి మన బతుకుకు ఎలా తగులుతాయో చూడండి.

సాంచాల శబ్దంలో, చెమటలో, ఫోను జేబులో పెట్టుకోలేక కిటికీ గూట్లో పెడతాం. పోగు అతికి తిరిగి వచ్చేసరికి ఫోను ఉండదు. చాలా పాలసీలలో దీన్ని "యజమాని చూపు లేనిచోట వదిలేసిన వస్తువు" అని తోసిపుచ్చుతారు. సబర్బన్ రైల్లో జేబు కొట్టేస్తే "బలప్రయోగం జరగలేదు" అంటారు. ఎక్కడ పడిపోయిందో తెలియకపోతే అసలే రాదు. దొంగతనం అన్నాక పోలీసు ఎఫ్ఐఆర్ కావాలి. స్టేషనులో మాత్రం తరచు "పోగొట్టుకున్నాడు" అని ఒక చీటీ రాసి పంపుతారు. ఆ ఒక్క మాటతో క్లెయిము పోతుంది. ఇరవైనాలుగు గంటల్లోనో, నలభై ఎనిమిది గంటల్లోనో కంపెనీకి తెలపాలన్న గడువు ఇంకొకటి. రాత్రి పాళీ చేసి పగలు నిద్రపోయేవాడికి ఆ గడువు ఇట్టే దాటిపోతుంది.

దూది నూగు పోయి చార్జింగు రంధ్రం పూడుకుపోతే అది "వాడకంలో అరుగుదల". బ్యాటరీ నీరసిస్తే అదీ అరుగుదలే. వీటికి బీమా లేదు. ఫోను పాతబడ్డ కొద్దీ దాని విలువ తగ్గించే పాలసీలు కూడా ఉన్నాయి. పది నెలల తరువాత పన్నెండు వేల ఫోనుకు పన్నెండు వేలు ఇస్తారనుకోవద్దు.

ఇక తయారీ లోపం ఉంటే మొదటి ఏడాది బాగుచేసి ఇచ్చే గ్యారంటీ సాధారణంగా కొత్త ఫోనుతోనే వస్తుంది. దానికి వేరే పైసా కట్టనక్కరలేదు. "ఆగిపోయినా బాగుచేస్తాం" అని మొదటి ఏడాదికి డబ్బు అడిగేవాడు మన సొమ్ము మనకే అమ్ముతున్నాడన్నమాట.

పేరుకే బీమా

దుకాణాల్లో "ప్రొటెక్షన్ ప్లాన్" అని అమ్మేవన్నీ బీమా కావు. కొన్నింటి వెనక బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర నమోదైన బీమా కంపెనీ ఉంటుంది. మరికొన్ని ఉత్త రిపేరు ఒప్పందాలు. ఈ తేడా పగిలిన రోజున తెలుస్తుంది. నిజమైన బీమా అయితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు పోవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదు నంబరు 155255. రిపేరు ఒప్పందం అయితే ఈ దారి లేదు. వినియోగదారుల కమిషన్ ఒక్కటే దిక్కు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మనం కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి. చాలాసార్లు ఆ ఫిర్యాదు నంబరు చూశాకే కంపెనీ దిగివస్తుంది.

కిస్తుల మీద ఫోను కొనేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. నెల కిస్తులో బీమా రుసుమును కలిపి, దాని మీద కూడా వడ్డీ పిండే పద్ధతి ఉంది. "బీమా తీసుకుంటేనే కిస్తు ఇస్తాం" అంటే, ఒక వస్తువు కావాలంటే ఇంకొకటి కొని తీరాలని బలవంతం చేయడమే. ఇది చట్టం ఒప్పని వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మనం అడగకుండానే బుట్టలో బీమా చేర్చడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. డబ్బు కట్టే ముందు మొత్తం మీద ఒకసారి కన్నేయండి. టిక్కు పెట్టి ఉంటే తీసేయండి.

ఎవరికి పనికొస్తుంది?

ఫోనే జీవనాధారమైనవారు ఉన్నారు. మిల్లులు మూతబడి, సాంచాలు ఆగి, మన పిల్లల్లో ఎందరో డెలివరీ పనికి, ఆటోకు పోయారు. స్క్రీను పగిలిన రోజు వారికి ఆ రోజు కూలి లేదు. వానలో, బండి మీద, ఫోను రోజంతా బయటే ఉంటుంది. ధర ఎక్కువైన ఫోను కిస్తుల మీద కొని, స్క్రీనుకే ఎనిమిది, పది వేలు అయ్యేవారు కూడా ఉన్నారు. వీరికి పగులుడు, నీటి నష్టం మాత్రమే చూసే చౌక ప్లాను ఆలోచించదగ్గదే. అయినా సంతకం చేసే ముందు ఐదు ప్రశ్నలు అడగండి. ఇది ఏ బీమా కంపెనీది? పగిలితే నా వాటా ఎంత? ఏడాదిలో ఎన్నిసార్లు ఇస్తారు? రిపేరు మన ఊళ్లోనే జరుగుతుందా, ఎన్నాళ్లు ఫోను లేకుండా ఉండాలి? షరతుల కాగితం ఇప్పుడే చేతికి ఇస్తారా? ఐదో ప్రశ్నకు "తరువాత మెసేజీ వస్తుంది" అన్న జవాబు వస్తే లేచి వచ్చేయండి.

ఫోను పోతే ముందు చేయవలసింది

ఫోను బీమా సాధారణంగా ఫోను ధర లెక్కే చూస్తుంది. దొంగ మన ఖాతా ఊడిస్తే ఆ నష్టం దానిలోకి రాదు. కాబట్టి ఫోను పోగానే ముందు సిమ్ము ఆపించండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ మూయించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. తరువాత పోలీసు ఫిర్యాదు. దొంగతనం జరిగితే దొంగతనం అనే రాయించండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆ నకలుతో కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో నమోదు చేస్తే ఆ ఫోను దేశంలో ఏ కంపెనీ సిమ్ముతోనూ పనిచేయకుండా ఆపుతారు. ఎవరైనా వాడబోతే జాడ పోలీసులకు తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. కావలసిందల్లా ఫోను ఐఎంఈఐ నంబరు. ఇవాళే మీ ఫోనులో *#06# నొక్కండి, కనిపించే పదిహేను అంకెలను బిల్లు వెనక రాసి ఇంట్లో దాచండి.

మరి చేతి సంగతి?

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. ఫోనుకు తొమ్మిది వందలు కట్టిన కార్మికుణ్ణి "నీకేమైనా బీమా ఉందా?" అని అడిగితే నోరు మెదపడు.

బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. 18 నుంచి 70 ఏళ్లవారికి. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఒక చేయి గాని కాలు గాని పూర్తిగా పనికిరాకుండా పోతే లక్ష. జీవన్‌జ్యోతి బీమాకు ఏడాదికి 436. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 2 లక్షలు. రెండూ కలిపి 456 రూపాయలు. ఫోను బీమాలో సగం. బీడీలు చుట్టే మన ఆడవాళ్లు కూడా వారి వారి ఖాతాల మీద చేరవచ్చు. చేరిన సంగతి ఇంట్లో చెప్పి ఉంచండి. ఇంటివాళ్లకు తెలియక అడగని డబ్బు ఎవరూ తెచ్చి ఇవ్వరు.

వీటికంటె పెద్దది ఇఎస్ఐ. 2019 జులై 1 నుంచి కార్మికుని వాటా పగారులో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పదిహేను వేల పగారుకు మనం కట్టేది నెలకు 112 రూపాయల 50 పైసలు, సేఠ్ కట్టవలసింది 487 రూపాయల 50 పైసలు. దానితో ఇంటిల్లిపాదికీ వైద్యం, జబ్బు పడితే 91 రోజుల దాకా 70 శాతం పగారు, పనిలో గాయపడితే 90 శాతం. ఇంత మేలు చేసే బీమాను కౌంటరు దగ్గర ఎవరూ అమ్మరు. ఎందుకంటే అందులో కమీషను లేదు, యజమాని వాటా ఉంది! అందుకే ఒకే కప్పు కింది సాంచాలను నాలుగు పేర్ల మీద పంచి, పదిమంది లేరని చూపి తప్పించుకునే సేఠ్‌లు ఉన్నారు. హాజరు పుస్తకంలో పేరే ఉండదు. చేయి బెల్టులో పడిన రోజున "ఇతను మా మనిషే కాడు" అంటారు.

మిత్రులారా, ఫోను బీమా కట్టినవాళ్లను మేం తప్పు పట్టడం లేదు. భయపడేవాడికి భరోసా కావాలి. దాన్ని ఎక్కడ కొనాలన్నదే ప్రశ్న. ఫోనుకు మంచి కవరు వేయండి, నెలకు 75 పక్కన పెట్టండి, ఐఎంఈఐ రాసి పెట్టుకోండి. ఆ తొమ్మిది వందల్లో సగంతో మీ ప్రాణానికి, మీ చేతికి బీమా చేయించండి. ఇఎస్ఐలో మీ పేరు ఉందో లేదో ఈ నెల పగారు రోజునే సేఠ్‌ను అడగండి. ఒక్కరు అడిగితే పనిలోంచి తీసేస్తాడన్న భయం ఉంటే నలుగురు కలిసి అడగండి. నలుగురికీ ధైర్యం చాలకపోతే సంఘం ఆఫీసుకు రండి, మేం వెంట వస్తాం.