హెచ్చరిక విలువ

కాకినాడ, మచిలీపట్టణము, విశాఖపట్టణము వంటి రేవులలో తుపాను భయము కలిగినప్పుడు ప్రమాద సూచికల నెగురవేయుదురు. మన దేశపు రేవులలో ఈ సూచికలు 1 మొదలు 11 వరకు కలవు. దూరసముద్రమున గాలివాన పుట్టు సూచన కలదని మొదటి సూచిక తెలుపును. తీవ్రమైన తుపాను ఆ రేవు మీదుగా గాని, దాని చేరువగా గాని తీరము దాటనున్నదని పదియవ సూచిక తెలుపును. మొదటి సూచికను చూచినంతనే బెస్తవారు ఇల్లు విడిచి పరుగెత్తరు. పదియవ సూచికను చూచిన పిమ్మట పడవను నీటిలోనికి త్రోయరు. రేవు అధికారి ప్రతిదినమును పదియవ సూచికనే యెగురవేసినచో ఏమగును? పది దినములు గడచునప్పటికి ఎవరును తల యెత్తి దానిని చూడరు. నిజముగా తుపాను వచ్చిననాడు పడవలన్నియు సముద్రము మీదనే యుండును.

హెచ్చరిక యొక్క విలువ రెండింటి మీద ఆధారపడియుండును. ఒకటి హెచ్చరించువాని సత్యము. రెండవది వినువాని శ్రద్ధ. మొదటిది చెడినచో కొలది కాలములోనే రెండవదియు చెడును.

అంతర్జాలము నుపయోగించు ప్రతివాని కన్నుల యెదుటను నేడు ఇట్టి సూచికాస్తంభ మొకటి నిలిచియున్నది. వెబ్‌సైట్లను తెరచి చూపు బ్రౌజరు, ఏదైన లోపము కనబడినప్పుడు, ఈ సంబంధము గోప్యమైనది కాదనియు, ఇచ్చట నిచ్చు వివరములను ఇతరులు దొంగిలింప వచ్చుననియు హెచ్చరించును. ఉపకారవేతనమునకు దరఖాస్తు చేయుటకై ఒక విద్యార్థి నెట్ సెంటరునకు పోయెననుకొనుడు. తెర మీద ఆ హెచ్చరిక కనబడెను. యంత్రము ముందు కూర్చున్న వ్యక్తి దానిని చదువలేదు. క్రింద చిన్న అక్షరములలోనున్న దారిని వెదకి, “ముందునకు పొమ్ము” అను మాటను నొక్కెను. “ఇది యెప్పుడును వచ్చునదే” అని తేలికగా పలికెను. ఆ విద్యార్థి ఆనాడు దరఖాస్తు మాత్రమే చేయలేదు. హెచ్చరికను చదువకుండ దాటుట యెట్లో కూడ నేర్చుకొనెను. ఈ రెండవ పాఠమే అపాయకరమైనది.

ఈ హెచ్చరిక దేనిని గూర్చి వచ్చుచున్నదో ముందుగా తెలిసికొనవలెను. కార్డు మీద వ్రాసిన ఉత్తరమును దారిలో నెవరైనను చదువగలరు. కవరులో బెట్టి ముద్ర వేసిన ఉత్తరమును అట్లు చదువలేరు. అంతర్జాలమునందు పంపు సమాచారమును గూఢలిపిలోనికి మార్చి పంపు పద్ధతిని 1990ల నడుమ నెట్‌స్కేప్ అను అమెరికా సంస్థ ప్రవేశపెట్టెను. చిరునామాకు ముందు కనబడు హెచ్‌టీటీపీఎస్ అను అక్షరములలోని చివరి యక్షరము ఆ ముద్రకు గుర్తు.

అయితే ముద్ర మాత్రమే చాలదు. ఉత్తరము చేరవలసినవానికే చేరినదా యను ప్రశ్న మిగిలియున్నది. అందులకై ప్రతి సైటునకును ఒక ధ్రువపత్రము ఉండును. ఆ పత్రము మీద సైటు పేరు, అది చెల్లు తేదీలు, దాని నిచ్చిన ధ్రువీకరణ సంస్థ యొక్క సంతకము ఉండును. బ్రౌజరు ఈ మూడింటిని పరీక్షించును. పేరు కలియకున్నను, గడువు తీరినను, సంతకము నమ్మదగినది కాకున్నను హెచ్చరిక చేయును. ఆ హెచ్చరికను త్రోసివేసి ముందునకు పోవుటయన, తలుపులు మూసిన గదిలో ముక్కు మొగ మెఱుగనివానికి ఇంటి రహస్యము చెప్పుట వంటిది. బయటివారికి మాట వినబడకపోవచ్చును. లోపల వినుచున్నవా డెవడో మాత్రము తెలియదు.

హెచ్చరికలన్నియు దొంగల రాకనే తెలుపునవి కావను మాట కూడ సత్యము. కంప్యూటరులో గడియారమును నడుపుటకై రూపాయిబిళ్ళవంటి చిన్న బ్యాటరీ యుండును. దాని శక్తి యుడిగిపోయినచో, యంత్రము నాపి మరల వెలిగించునప్పటికి తేదీ అనేక సంవత్సరములు వెనుకకు పోవును. అప్పుడు ఆ యంత్రము దృష్టిలో నేటి ధ్రువపత్రములన్నియు ఇంకను పుట్టనివే! మంచి సైట్లను గూర్చియు అది హెచ్చరించుచునే యుండును. ఉచితముగా వైఫై నిచ్చు చోట్ల ప్రవేశపుట తెరచుకొనకముందును ఇట్టి హెచ్చరిక కలుగవచ్చును. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ పత్రములకు ఆధారమైన పాత మూలపత్రము గడువు ముగిసెను. క్రొత్త మూలపత్రము నెఱుగని పాత ఫోనులును, కంప్యూటరులును నిర్దోషమైన సైట్లను సైతము అనుమానించినవి.

ఇట్లు నిష్కారణముగా కనబడు హెచ్చరికలు తఱచైన కొలదియు మనుజుని వ్రేలు చదువకయే నొక్కుట కలవాటు పడును. 2013వ సంవత్సరమున అమెరికాలో పరిశోధకులు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అను రెండు బ్రౌజరులలో కనబడిన 2.5 కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించిరి. ధ్రువపత్రములను గూర్చిన హెచ్చరికలలో క్రోమ్‌నందు నూటికి 70ని, ఫైర్‌ఫాక్స్‌నందు నూటికి 33ని వాడుకరులు త్రోసివేసి ముందునకు పోయిరి. మోసపు సైట్లను, హానికరమైన ప్రోగ్రాములను గూర్చిన హెచ్చరికలను త్రోసివేయుట రెండు బ్రౌజరులలోను నూటికి 25 కంటె తక్కువ. ఈ అంకెలు గమనింపదగినవి. జనులు ఏ హెచ్చరికను గాని లెక్కచేయరను మాట నిజము కాదు. స్పష్టముగను, సకారణముగను చెప్పిన హెచ్చరికను వారు మన్నించుచునే యున్నారు. అందుచేత దోషమంతయు వాడుకరిదే యనుట న్యాయము కాదు.

ఒక హెచ్చరికను మన్నించుట వలన నెంతటి మేలు కలుగునో తెలుపు నుదంత మొకటి కలదు. 2011వ సంవత్సరమున నెదర్లాండ్స్ దేశములోని డిజినోటార్ అను ధ్రువీకరణ సంస్థ యంత్రములలోనికి దొంగలు చొరబడి, 500కు పైగా దొంగ ధ్రువపత్రములను సృష్టించిరి. వానిలో గూగుల్ పేరు మీదనున్న పత్రమును ఇరాను దేశపు వాడుకరుల మీద ప్రయోగించిరి. ఆ వాడుకరులు తాము గూగుల్‌తోనే మాటలాడుచున్నట్లు భ్రమపడిరి. నడుమ మఱియొకరు వినుచుండిరి. సుమారు 3,00,000 కంప్యూటరు చిరునామాలు ఈ వలలో చిక్కినట్లు పిమ్మట జరిగిన విచారణలో తేలెను. పత్రము మీది సంతకము నమ్మదగిన సంస్థదే యగుటచేత ఇతర బ్రౌజరులు ఊరకుండెను. గూగుల్ పేరు మీద సంతకము చేయదగిన సంస్థ లేవియో క్రోమ్ బ్రౌజరు మాత్రము తనలో వ్రాసికొనియుండెను. కావున అది హెచ్చరించెను. ఆ ఆగస్టు మాసమున ఇరానులోని ఒక వాడుకరి ఆ హెచ్చరికను త్రోసివేయక, “దీని కర్థమేమి?” యని గూగుల్ వారిని బహిరంగముగా నడిగెను. గుట్టు బయటపడెను. బ్రౌజరుల నిర్మాతలు ఆ సంస్థ పత్రములను నిరాకరించిరి. మఱుసటి మాసముననే ఆ సంస్థ దివాలా తీసెను. నాడు ఆ వాడుకరియు “ఇది యెప్పుడును వచ్చునదే” యని నొక్కి పోయియున్నచో, ఆ మోస మింకెంత కాలము సాగియుండెడిదో!

ఇట్టివి దూరదేశములందే జరుగునని యనుకొనరాదు. 2014 జూలై మాసమున నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరునకు చెందిన ధ్రువీకరణ విభాగము నుండి గూగుల్ పేర్ల మీద అనధికార పత్రములు వెలువడినట్లు బయటపడెను. ఆ విభాగపు పత్రములను భారత నియంత్రణాధికారి రద్దు చేసెను.

“నూరుమార్లు ముందునకు పోయితిని, ఒక్కసారియు నష్టము కలుగలేదు” అని కొంద ఱందురు. గేటు పడియుండగా రైలుపట్టాలను నూరుమార్లు దాటినవాడును ఇట్లే చెప్పును. నూటొకటవమారు చెప్పుటకు అతడు మిగులునని నమ్మక మేమి? మఱికొందఱు, “అట్లయిన ముందునకు పోవు దారిని పూర్తిగా మూసివేయరాదా?” యని ప్రశ్నింతురు. మూసివేయు విధానమును లేకపోలేదు. 2012లో ఏర్పడిన ఒక నియమము ప్రకారము, తమ సైటునకు లోపమున్న సంబంధము కూడదని యజమానులు ముందే చాటవచ్చును. అట్టి సైట్లయందు బ్రౌజరు దాటుటకు దారి యీయదు. ధనముతో పని గల సైట్లకు ఇది తగినదే. అన్నింటికి దీనిని విధించినచో, బ్యాటరీ అయిపోయిన పాఠశాల కంప్యూటరులో పాఠము చదువుకొను బాలునకు గూడ తలుపు మూసినట్లగును. తలుపు మూయుట కంటె, కారణమును తెలియు మాటలలో చెప్పుట మేలు.

ఇందు మొదటి బాధ్యత సైట్ల యజమానులది. 2015 మొదలు ధ్రువపత్రములు ఉచితముగనే లభించుచున్నవి. వానిని యంత్రమే గడువునకు ముందు మార్చుకొను నేర్పాటును కలదు. పత్రముల గడువును 2029 మార్చి 15 నాటికి 47 దినములకు తగ్గింపవలెనని 2025లో ధ్రువీకరణ సంస్థలును, బ్రౌజరుల నిర్మాతలును నిర్ణయించిరి. కావున ఉపేక్షించు యజమాని సైటు ఇకమీదట మఱింత తఱచుగా హెచ్చరికల పాలగును. తన పత్రమును సరిచేసికొనక, “హెచ్చరిక వచ్చినను భయపడక ముందునకు పొండు” అని సూచన వ్రాయు సంస్థ, తన గోడను కట్టుకొనుటకు బదులు ఊరివా రందఱికిని తలుపులు తెరచి నిద్రించుట నేర్పుచున్నది. పిల్లల దరఖాస్తులు స్వీకరించు సంస్థ లిట్లు చేయుట మఱింత తప్పు.

అయినను, యజమాని తప్పు చేసినచో నష్టపడువాడు వాడుకరియే. కావున విద్యార్థులు హెచ్చరికను చదువుట నేర్చుకొనవలెను. చదువుటకు పట్టు కాలము అర నిముషము. మొదట యంత్రములోని తేదీ, సమయము సరిగా నున్నవా యని చూడవలెను. పిమ్మట సైటు పేరును అక్షరమక్షరముగా చదువవలెను. ఒక్క అక్షరము తేడాలోనే దొంగ దాగియుండును. బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోపల తమ సైట్ల పేర్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అను ముగింపునకు మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించెను. పేరు చివరను చూచు అలవాటున్నవానికి ఇది గొప్ప సహాయము. ఇంకను హెచ్చరిక పోకున్నచో, వేఱొక ఫోనులో, వేఱొక కనెక్షనుతో చూడవలెను. కారణము తెలియనంతవరకు ఆధార్ సంఖ్యను గాని, పాస్‌వర్డును గాని, ఓటీపీని గాని అచ్చట వ్రాయరాదు.

మఱి రెండు మెలకువలు ముఖ్యమైనవి. హెచ్చరిక లేకపోవుట నిజాయితీకి సాక్ష్యము కాదు. దొంగ సైటువాడును తన పేరునకు ధ్రువపత్రమును పొందగలడు. తాళపు గుర్తును చూచి సైటే మంచిదని జనులు పొరబడుచున్నారని గ్రహించి, 2023లో క్రోమ్ వారు ఆ గుర్తును తొలగించి వేఱొక గుర్తు నుంచిరి. ఇక రెండవది: హెచ్చరికలలోను దొంగ హెచ్చరికలు కలవు. కంప్యూటరునకు వైరస్ సోకినదని కేకలు వేసి, ఒక ఫోను నంబరు చూపి, వెంటనే పిలువుమని తొందరపెట్టునది బ్రౌజరు హెచ్చరిక కాదు. బ్రౌజరు యొక్క నిజమైన హెచ్చరిక ఆగుమని చెప్పును; దొంగ హెచ్చరిక తొందరపడుమని చెప్పును. ఒకవేళ మోసమునకు లోబడి ధనము పోయినచో, సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను నంబరునకు తెలుపవలెను.

రేవులో సూచిక నెగురవేయు అధికారి తన పనిని సత్యముగా చేయవలెను. పడవవాడు తల యెత్తి చూడవలెను. నిష్కారణముగా హెచ్చరికలు పెరుగనిచ్చువాడు వినువాని చెవిని మొద్దుబార్చుచున్నాడు. సకారణమైన హెచ్చరికను చదువకయే దాటువాడు తన కన్నులను తానే మూసికొనుచున్నాడు. నెట్ సెంటరులోని ఆ విద్యార్థి, “ఒక్క నిముష మాగుడు, అచ్చట నేమి వ్రాసియున్నదో చదివెదను” అని పలుకగలిగిననాడు, వాని చదువు వానికి పనికివచ్చినట్లు.