నంద్యాల ఇండ్లకు పెరడు కావలెను

నల్లమల, ఎర్రమల కొండల నడుమ, కుందూ తీరమున నెలకొనిన నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైనది; ఊరి చుట్టునున్న చేలు లేఅవుట్లుగా మారి, వానియందు నూతన గృహములు వరుసలు దీరుచున్నవి. వానిలో పెక్కు ఇండ్లు స్థలమునంతయు ఆక్రమించి, గోడకును ప్రహరికిని నడుమ మిగిలిన ఇరుకు సందులను సైతము బండలతో కప్పి, పచ్చదనమును మిద్దెమీది కుండీలకు అప్పగించుచున్నవి. వేసవిలో ఎండ నలుబది డిగ్రీలు దాటు ఈ ఊరికి అట్టి నిర్మాణము తగదని నా దృఢవిశ్వాసము.

మందమైన రాతిగోడలు, దూలములపై దంతెలు పేర్చి చౌడుమట్టితో కప్పిన పైకప్పు, వెలుతురునకు గవాక్షి, ముందు పంచ, వెనుక దొడ్డి: ఇది మన పెద్దల మట్టిమిద్దెల అమరిక. స్నానపు నీరు అరటిపాదునకు పారెడిది. కరివేపయు మునగకాయయు గడప దాటి నాలుగడుగులు వేసిన లభించెడివి. ఆ మిద్దెలను మరల కట్టుడని నేను కోరుట లేదు. ఏటేట చౌడు పోయించుకొను ఓపిక నేటి కుటుంబములకు లేదు. ఇంటికిని దొడ్డికిని గల చుట్టరికమును మాత్రము కొత్త కట్టడములోనికి తెచ్చుకొనవలెను.

ఐదు సెంట్ల స్థలము, అనగా 242 చదరపు గజములు, ఇందుకు చాలును. తూర్పు ఉత్తరములయందు ఎక్కువ ఖాళీ విడువుమని వాస్తు పండితులు చెప్పుదురు గదా. ఆ ఖాళీని కారునకు ఒప్పగింపక తోటగా చేసి, తూర్పున ఎనిమిదడుగుల వెడల్పుతో పంచ దింపి, వంటగది తలుపును హాలు కిటికీలను అందులోనికే తెరచినచో, ఉదయపు వెలుగు ఇంటిలోనికి వచ్చును, మధ్యాహ్నము దాటిన పిదప అచ్చట నీడ నిలుచును. గోడలను రాత్రివరకు వేడెక్కించునది పడమటి ఎండ. ఆ వైపు వీధి యున్నచో కానుగ నాటవలెను, సందు మాత్రమే యున్నచో తీగపందిరి వేయవలెను.

రోడ్డు వేసినప్పుడెల్ల దాని ఎత్తు పెరుగునను భయముతో మనవారు పునాదిని మూడు నాలుగడుగులు లేపుచున్నారు; తోట పాతాళమున పడినట్లగుచున్నది. పంచను గదులకంటె కొంత దించి, అందుండి వెడల్పైన రాతిమెట్లతో నేలకు దిగినచో ఆ దూరము తరుగును. సాయంకాలము పిల్లలును వృద్ధులును ఆ మెట్లమీదనే కూర్చుందురు. తోటబాటకు బేతంచెర్ల నాపరాళ్లను సందులు విడిచి పరచినయెడల వాననీరు నేలలోనికి ఇంకును.

రాతిపనికి దూరమేగ నక్కరలేదు. దేవతామూర్తులను, నాయకుల విగ్రహములను చెక్కు ఆళ్లగడ్డ శిల్పుల ఉలికి మన ఇండ్లలో పని యేల కల్పింపరాదు? పంచకు రెండు స్తంభములు, పక్షులకొక నీటితొట్టి, ఒక తులసికోట చాలును. కొలంబో నగరమున వాస్తుశిల్పి జెఫ్రీ బావా తన ఇంటిని ఇరుకు సందులోనే మలచుకొని, గదుల నడుమ ఆకాశము కనబడు చిన్న తోటలను నిలిపి, పాత స్తంభములను తెచ్చి అందమర్చెను. ఆధునికతకు దానివలన లోపమేమియు కలుగలేదు.

తోటకు విడిచిన జాగాలో ఒక పోర్షను వేసిన నెలనెల బాడుగ వచ్చునని పలువురు వాదింతురు. బాడుగ అవసరమైన కుటుంబమును నేను తప్పుపట్టను. ఆ పోర్షనును పై అంతస్తున వేసి, మెట్లను వీధివైపునుండి పెట్టినచో బాడుగయు దక్కును, నేలయు మిగులును. ప్లాను గీయకముందే ఈ మాట ఇంజనీరుతో చెప్పవలెను. పునాదికి ముగ్గు పోసిన పిదప అడిగినచో ఆయన చూపగలది మరల ఆ ఇరుకు సందే.