బండికి కన్ను

మా నాన్నగారి అంబాసిడర్ కారును మేమింకా అట్టిపెట్టుకునే వున్నాము. 2014లో ఉత్తరపాడా కర్మాగారంలో ఆ బండి తయారీ ఆగిపోయినప్పటినుంచీ దానికి చిన్న జబ్బు చేసినా మాకు బెంగే. మొన్న సేలం నుంచి వస్తూ తొప్పూరు కనుమ ఎక్కుతుండగా రాయి తగిలి కుడివైపు హెడ్‌లైటు అద్దం పగిలింది.

"కొనడమెందుకు మామయ్యా, ఇంట్లోనే చేద్దాం" అన్నాడు పాలిటెక్నిక్ చదువుతున్న మా మేనల్లుడు. మేము గుమాస్తాలం, ఖర్చు తక్కువంటే మా చెవికి ఇంపుగానే వుంటుంది. సరేనన్నాము.

బాగున్న ఎడమ అద్దానికి పైనుంచి ప్లాస్టర్‌తో అచ్చు తీశాడు. ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోసి గుండ్రని దిమ్మ చేశాడు. 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ రేకును ఓవెన్‌లో 160 డిగ్రీల దాకా కాచి, అప్పడాల పిండిలా మెత్తబడగానే దిమ్మమీద పరచి అదిమాడు. వాసనకు మా యింటావిడ కిటికీలన్నీ తెరచి, "ఇక ఈ ఓవెన్‌లో వంట లేదు" అని తీర్పు చెప్పింది. అద్దం మాత్రం ముత్యంలా వచ్చింది. వీధివారంతా మెచ్చుకున్నారు.

ఆ రాత్రే పెన్నాగరం వెళ్ళవలసి వచ్చింది. దారిలో ఎదురుగా వస్తున్న మోటారు సైకిలు తడబడి మట్టిలోకి దిగిపోయింది. మేము ఆపి పరుగెత్తాము. భార్య, ఒళ్ళో పసిబిడ్డ. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. "కణ్ణే తెరియల అణ్ణా" అన్నాడాయన, కోపం లేకుండా. తిట్టినా ఇంత బాధ వుండేది కాదు.

మరునాడు మెకానిక్కు విప్పి చెప్పాడు. పాత దీపంలో రిఫ్లెక్టరు వెలుగును నేరుగా ముందుకు తోస్తుంది, అంతే. దాన్ని పక్కలకు పరచేదీ, కిందికి వంచేదీ అద్దం లోపలి గాడులు. పైముఖం నున్నగా వుంటుంది కాబట్టి మావాడి అచ్చుకు ఆ గాడులు అందలేదు. కొత్త కార్లకు నున్నని అద్దం చెల్లుతుందంటే, అక్కడ ఆ పని రిఫ్లెక్టరే చేస్తుంది. విడిగా వూడివచ్చే అద్దమైతే సిలికాన్ రబ్బరు అచ్చుతో గాడులు కూడా తీయవచ్చునట. కాని అందులో పోసే రెజిన్ ఎండకు పసుపెక్కుతుంది, బల్బు వేడికి మెత్తబడుతుంది.

చివరకు అద్దమూ రిఫ్లెక్టరూ కలిసిన 7 అంగుళాల గుండ్రని డూమ్ కొని వేయించాము. మొదటే కొనివుంటే ఓవెనైనా మిగిలేది.

పాతబండి వున్న పాఠకులకు ఒక్క మాట. దీపం ఎవరు చేసినా, ఎవరు బిగించినా, రోడ్డెక్కే ముందు చీకట్లో బండిని గోడకు ఎదురుగా, 25 అడుగుల దూరంలో నిలపండి. డిమ్ వేసినప్పుడు వెలుగు దీపం ఎత్తుకన్న కిందనే పడాలి; మన రోడ్లకు తగ్గ దీపమైతే ఎడమ పక్కకు మాత్రం కొంచెం పైకి లేవవచ్చు. రెండు దీపాలూ ఒక్కలా పడాలి. తరువాత మీరే వెళ్ళి ఎదుట నిలబడి చూడండి. మేము ఆ పని చేయలేదు. దీపం మన దారి చూసుకోవడానికి మాత్రమే అనుకున్నాము. ఎదుటివాడికి కూడా దారి కనబడాలి గదా!

మావాడి అద్దం ఇప్పుడు మా ఆఫీసు బల్లమీద గుండుసూదుల గిన్నె. సూది తీసినప్పుడల్లా ఆ పసిబిడ్డ గుర్తొస్తుంది.